ఓరుగల్లు కాలంలోకి ఒక ప్రేమకథ: టైమ్ ట్రావెల్ నవల ఎలా రాయాలి

టైమ్ ట్రావెల్ ప్రేమ నవల రాద్దామనుకునేవాళ్లలో చాలామంది ముందుగా హీరో హీరోయిన్ల పేర్లు, ఆ తర్వాత మొదటి చూపు సీను ఆలోచిస్తారు. ఏ కాలంలోకి వెళ్లాలనేది మాత్రం "కాకతీయుల కాలం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాకతీయుల కాలమంటే ఒక రోజు కాదు. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కినప్పటి నుంచి 1323లో కోట పడిపోయేదాకా లెక్కపెట్టినా నూట ఇరవై ఏళ్లు దాటుతుంది. ఆ మొదటి ఏళ్లలో ప్రేమించుకున్న జంటకూ, చివరి ఏళ్లలో ప్రేమించుకున్న జంటకూ మధ్య అయిదు తరాల దూరం. అందుకే ముందు సంవత్సరం తేల్చుకోండి. మీ కథకు సగం ప్లాటు ఆ సంవత్సరమే ఇస్తుంది.

మొదటి పని: సంవత్సరం, వీలైతే తిథి కూడా

1213 తీసుకుంటే పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి మీ చేతిలో ఉంటుంది. యుద్ధం టెన్షన్ తక్కువ, పని ఎక్కువ. హీరో శిల్పి కావచ్చు. గుడి పూర్తయితే శిల్పులు ఇంకో ఊరికి వెళ్లిపోతారు కాబట్టి ఎడబాటు దానంతట అదే వస్తుంది. 1262 ప్రాంతం తీసుకుంటే రుద్రమదేవి పాలనకు వచ్చిన తొలి రోజులు. ఆడది ఏలడం నచ్చని సామంతులు, దేవగిరి యాదవులతో పోరు, నగరంలో గుసగుసలు ఉంటాయి. ఎవరు ఎవరి వైపో తెలియని ఆ వాతావరణం రహస్య ప్రేమకు బాగా పనికొస్తుంది. 1309-10 అంటే ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ముట్టడి, కోట లోపల చిక్కుకున్న జనం. 1323 అంటే అంతా ముగిసిపోయిన ఏడాది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీ వైపు తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. 1323 చాలామందిని లాగుతుంది కానీ, మొదటి నవలకు వద్దంటాను. అంత పెద్ద దుఃఖం ముందు ఇద్దరి ప్రేమ నిలబడాలంటే చాలా చెయ్యి తిరగాలి.

నన్నడిగితే 1289 మంచిది. నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే ఆయన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా భూమి దానం చేసినట్టు అందులో రాసి ఉంది. తేదీ శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. మన లెక్కలో 1289 నవంబరు 27. వాళ్లిద్దరూ ఆ రోజుల్లోనే, తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో చనిపోయారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇప్పుడు కథగా చూడండి. మీ హీరోయిన్ ఈ కాలం అమ్మాయి, ఆ శాసనం గురించి చదువుకుంది. ఆమె మనసిచ్చినవాడు మల్లికార్జున నాయకుడి దండులో ఉన్నాడు. ఆ ద్వాదశికి ముందు అమావాస్య నాడు ఆమె అక్కడ దిగితే చేతిలో ఉన్నది మహా అయితే పన్నెండు రోజులే. అతనికి చెప్పాలా? చెబితే దండు వదిలి వస్తాడా? వస్తే ఆమె ఇష్టపడ్డ మనిషిగా మిగులుతాడా? ఈ మూడు ప్రశ్నలూ ఒక్క తేదీలోంచి పుట్టాయి.

రెండో పని: దారి

కాలం దాటే దారికి స్థలం, సమయం, మూల్యం అనే మూడు తేల్చండి. సైన్సు వివరణ పేజీలకు పేజీలు అక్కర్లేదు. పాఠకుడికి నియమం తెలిస్తే చాలు, మీరు దాన్ని మధ్యలో మార్చకపోతే చాలు.

స్థలం రెండు కాలాల్లోనూ ఉన్నదై ఉండాలి. కోటలోని ఖుష్ మహల్ బాగుంటుందనిపిస్తుంది గానీ అది కాకతీయుల తర్వాతి కట్టడం. 1289లో అక్కడ తలుపు తెరవలేరు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది కాబట్టి పనికొస్తుంది. రామప్ప చెరువు కట్ట, పాకాల తూము, కోట మధ్యలో ఏకశిల గుట్ట పనికొస్తాయి. శివనగర్ మెట్లబావి నాకు అన్నిటికన్నా ఇష్టం. కిందికి దిగుతూ వెళ్లడం, చీకటి, నీళ్ల చప్పుడు, మళ్లీ పైకి ఎక్కితే వేరే ఆకాశం. వర్ణన కోసం మీరు కష్టపడే పని లేదు.

సమయానికి గ్రహణం పెట్టాలనుకుంటే ఆ ఏడాది ఆ నెలలో నిజంగా గ్రహణం ఉందో లేదో లెక్క కట్టించుకోండి. లేకపోతే అమావాస్య అని రాసి ఊరుకోండి, అది ప్రతి నెలా వస్తుంది.

మూల్యం గురించి బాగా ఆలోచించండి. అక్కడ ఒక రోజు గడిస్తే ఇక్కడా ఒక రోజు గడుస్తుందనుకుంటే, పన్నెండు రోజులు ఇంట్లో అమ్మాయి కనబడదు. అవ్వ అన్నం ముట్టదు, బాపు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతాడు, ఫోన్ స్విచాఫ్. మధ్య మధ్య ఒక్కో అధ్యాయం ఇటువైపు కూడా రాయండి. అటువైపు ప్రేమ ఎంత తియ్యగా ఉంటే ఇటువైపు అవ్వ ఏడుపు అంత బరువుగా ఉండాలి. ఈ బరువు లేని టైమ్ ట్రావెల్ కథ విహారయాత్ర అయిపోతుంది. ఇక్కడ క్షణం కూడా గడవదనే నియమం పెట్టుకుంటే రాయడం సులువే కానీ, ఆమె తిరిగి రావడానికి కారణమే బలహీనపడుతుంది.

మూడో పని: వెళ్లే మనిషికి ఒక చేతిపని

వెళ్లేది ఐటీ ఉద్యోగి అయితే అక్కడ ఆమె చేతికి పని ఉండదు. కరెంటు లేకపోయినా పనికొచ్చే విద్య ఒకటి ఇవ్వండి. వరంగల్ కొత్తవాడ జంపఖానాల మగ్గాలకు పేరున్న చోటు. అక్కడ పుట్టి, చిన్నప్పుడు కండెలు చుట్టి, నూలు పోగు తెగితే చీకట్లో కూడా ముడివేయగల అమ్మాయిని తీసుకోండి. కాకతీయ రాజ్యం నుంచి మోటుపల్లి రేవు మీదుగా సన్నని బట్టలు ఓడలెక్కేవి. వాటిని మార్కో పోలో కూడా మెచ్చుకున్నాడు. నేతగాళ్ల వాడలో ఆమె చెయ్యి చూడగానే వాళ్లు గుర్తుపడతారు. మాట అర్థం కాకపోయినా పని అర్థమవుతుంది.

ఆమెను ఆ కాలానికి టీచర్ చేయకండి. ఇలాంటి నవలల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఇప్పటి అమ్మాయి వెళ్లి అప్పటి వాళ్లకు శుభ్రత నేర్పుతుంది, వైద్యం నేర్పుతుంది, ఆడవాళ్ల హక్కులు నేర్పుతుంది. గుడి పునాది కింద ఇసుక నింపి, పైన అంత బరువు నిలబెట్టినవాళ్లు వాళ్లు. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు కాల్చి రామప్ప శిఖరానికి వాడినవాళ్లు. ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు తవ్వినవాళ్లు. 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, వైద్యశాల నడపడానికి ఇచ్చిన భూముల లెక్క ఉంది. గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి, తన పేరుతో శాసనం వేయించింది. మీ హీరోయిన్ అక్కడ నేర్చుకోవాలి. తనకు తెలియనిది ఆమెకు చూపించే ప్రతిసారీ హీరో పాఠకుడికి దగ్గరవుతాడు.

నాలుగో పని: రెండు పొరల్లో నడవడం

నోట్‌బుక్ పట్టుకుని పొద్దున్నే కోటకు వెళ్లండి. కీర్తి తోరణాల మధ్య నిలబడితే ఇప్పుడు కనిపించేది ఖాళీ స్థలం, చెక్కిన రాళ్ల కుప్పలు. 1289లో ఆ నాలుగు తోరణాల మధ్య స్వయంభూదేవుడి గుడి మొత్తంగా ఉంది. ధూపం, గంటలు, రద్దీ, దేవుడి భోగానికి నియమించిన సానుల పాట. ఈ రెండూ ఒకే పేజీలో రాయడం సాధన చేయండి: ఆమె కంటికి ఇప్పుడు కనిపిస్తున్న గుడి, ఆమెకు గుర్తున్న శిథిలం. కోట గోడలూ అంతే. గణపతిదేవుడి కాలంలో మొదలైన రాతిగోడ రుద్రమ కాలంలో పూర్తయింది. దాని చుట్టూ అగడ్త, ఆ బయట మట్టికోట. హనుమకొండకూ ఓరుగల్లుకూ మధ్య ఇప్పటిలా ఎడతెగని ఇళ్లు ఉన్నట్టు రాయకండి. రెండూ వేరు వేరు ఊళ్లు.

దూరాలు కూడా సరిచూసుకోండి. హనుమకొండ నుంచి పాలంపేటకు ఇప్పుడు కారులో గంటన్నర పడుతుంది. ఎడ్లబండి రోజుకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లకు మించి కదలదు కాబట్టి అప్పుడు మూడు రోజుల దారి. దారిలో రెండు రాత్రులు గడవాలి. ప్రేమకథకు ఆ రెండు రాత్రులు ఎంత విలువైనవో మీకే తెలుస్తుంది.

అయిదో పని: తిండి, పూలు, వస్తువులు

ఒక పెద్ద కాగితం మీద "అప్పుడు లేనివి" అని జాబితా రాసి గోడకు అంటించుకోండి. మిరపకాయ, టమాట, ఆలుగడ్డ, పల్లీలు, మక్కజొన్న, జామపండు, బొప్పాయి, పొగాకు. ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలు, పోర్చుగీసువాళ్లు వచ్చాకే మన దేశానికి చేరాయి. చాయ్, కాఫీ కూడా అప్పటి మన ఇళ్లలో లేవు. ఎనుమాముల మార్కెట్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి చూస్తూ పెరిగిన అమ్మాయికి మొదటి ముద్ద పెట్టి చూడండి. కారం ఉంది, కానీ అది మిరియాలది, అల్లానిది. నోరు మండదు, గొంతులో వెచ్చగా దిగుతుంది. ఇంటి మీద బెంగ పుట్టించడానికి ఇంతకన్నా మంచి సీను లేదు.

ఉన్నవి తక్కువేం కాదు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, చెరువు కింది వరి, పెసరపప్పు, చింతపండు, నువ్వుల నూనె, నెయ్యి, పెరుగు, బెల్లం, అరటిపండ్లు, తమలపాకు. నాయనమ్మ చేసే జొన్న గట్క ఈమెకు గుర్తుంటే, అక్కడ అంబలి ముంత అందుకోగానే బెరుకు కాస్త తగ్గుతుంది. నగరంలో భోజనం అమ్మే ఇళ్లూ ఉండేవని క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం చెబుతుంది. ఒక్క రూకకు గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, కొత్త పెరుగు పెట్టే పూటకూళ్ల ఇల్లు అందులో ఉంది. ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరగడమే ఆ కావ్యం కథ. కోళ్ల పందాలు, పొట్టేళ్ల పోట్లాటలు, వీరగాథలు పాడే ఆడవాళ్లు, మైలారదేవుడి భక్తులు, అన్నీ కళ్లకు కడతాయి. ఆ కావ్యం కాకతీయుల తర్వాత రాసింది. అయినా నగర జీవితం కోసం మీరు ముందు చదవాల్సింది అదే. దానికి తోడు సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర దగ్గర పెట్టుకుంటే తిండి, బట్ట, ఆట, పందెం దేని గురించి సందేహం వచ్చినా వెతుక్కోవచ్చు.

పూల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. బంతిపూలు కూడా మెక్సికో నుంచి వచ్చినవే. 1289లో హీరోయిన్ జడలో బంతిపూలు పెట్టకండి, గుమ్మానికి బంతిపూల తోరణం కట్టకండి. తంగేడు పెట్టండి, మల్లె పెట్టండి, తామర, మొగలి పెట్టండి. చెరువు గట్టు మీద తంగేడు పూసి ఉండటం చూసి ఆమెకు బతుకమ్మ గుర్తుకు రావడం చాలు. ఆ కాలంలో బతుకమ్మ ఆడారా, ఏ పాటలు పాడారు అనే జోలికి వెళ్లకుండా ఆమె జ్ఞాపకంలోనే ఉంచండి.

బట్టలకూ నగలకూ రామప్ప గుడి మదనికలను, అంటే అక్కడి ఆడవాళ్ల శిల్పాలను, చూసి రాసుకోండి. ఒక బొమ్మ కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా కనిపిస్తాయి. మీ హీరోయిన్ ఆగిపోయి నవ్వుకోవడానికి అదొక్కటి చాలు. కాగితం వద్దు, తాటాకు, గంటం వాడండి. గంటలు, నిమిషాలు వద్దు, జాము అంటే మూడు గంటలు, ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. డబ్బుకు రూక, మాడ, గద్యాణం.

ఆరో పని: మాట

ఇద్దరూ తెలుగువాళ్లే, అయినా ఒకరి తెలుగు ఒకరికి పూర్తిగా అర్థం కాదు. నవల మొత్తంలో ఇంతకన్నా అందమైన ఇబ్బంది మీకు దొరకదు. మన వరంగల్ మాటలో ఉర్దూ, ఫారసీ మాటలు ఎన్నో కలిసిపోయి ఉన్నాయి. జర, పరేషాన్, దర్వాజ, దవాఖాన లాంటివి వెంటనే గుర్తొస్తాయి. అసలు, ఖాళీ, జవాబు, తయారు, జేబు, కుర్చీ కూడా అటునుంచి వచ్చినవేనని రాసేటప్పుడు గుర్తురావు. అవి ఆమె నోట ఉండొచ్చు. అతని నోట ఒక్కటి కూడా రాకూడదు.

మొదటి మాటలు ఇలా ఉండొచ్చు:

"జర ఆగు. నాకు పరేషాన్ అయితుంది."

అతను ఆగాడు. ఆ మాటల్లో అతనికి తెలిసింది ఆ ఒక్కటే.

"ఎవ్వరి దానవు? ఏ ఊరి నుండి వచ్చితివి?"

"కొత్తవాడ."

"ఆ వాడ ఇచ్చట లేదు."

అతని మాట ఇంతకన్నా బరువెక్కనివ్వకండి. పాత నాటకాల్లో రాజుల్లా సమాసాలు పలికించారంటే పాఠకుడు అతన్ని ప్రేమించలేడు. చిన్న వాక్యాలు, అచ్చ తెలుగు క్రియలు, అక్కడక్కడ ఒక పాత ప్రత్యయం సరిపోతాయి. పాత కావ్యాల్లో రాజుతో మాట్లాడినా "నీవు" అనే ఉంటుంది, గౌరవమంతా "దేవర", "ఏలిక" లాంటి పిలుపులోనే ఉంటుంది. కాబట్టి అతను మొదటి నుంచీ ఆమెను నీవు అనే అంటాడు, ఆమె మొదట మీరు అంటుంది. ఆమె ఎప్పుడు నువ్వులోకి దిగుతుందో ముందే అనుకుని పెట్టుకోండి.

పేర్లు అప్పటి శాసనాల నుంచి తీసుకోండి. మల్లయ, కొమ్మన, మాచయ, మగవాళ్లకు. మైలమ, కుప్పమ, నాగమ, ఆడవాళ్లకు.

ఏడో పని: ప్రేమ ఎలా పుట్టాలి

అప్పటి సమాజంలో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఒంటరిగా వీధిలో కనిపిస్తే మొదట వచ్చే ప్రశ్న ఆమె ఎవరి మనిషి అని. ఆమెకు నీడ ఇచ్చే ఒక ఇల్లు కావాలి. నేతగాళ్ల ఇల్లు, ఆ ఇంట్లో ఒక పెద్ద ముసలమ్మ. హీరో ఆ ఇంటికి రావడానికి కారణం కావాలి. దండుకు కావలసిన బట్ట కోసం అనండి, చెరువు గండి పూడ్చడానికి మనుషులను పిలవడానికి అనండి. కలిసి పనిచేస్తూ దగ్గరవ్వనివ్వండి. గండి పడిన రాత్రి ఊరంతా మట్టితట్టలు మోస్తుంటే వాళ్లిద్దరూ ఒకే వరుసలో నిలబడటం కంటే గొప్ప సీను రాజోద్యానంలో దొరకదు.

కులం గురించి దాటవేయకండి. గుళ్లలో, వృత్తుల్లో, పెళ్లిలో అది ఉంది. ముసలమ్మే అడగాలి ఆమె ఏ ఇంటి పిల్ల అని. ఆ ప్రశ్నకు ఆమె అబద్ధం చెబుతుందా, నిజం చెబుతుందా అనేదాని మీద రెండు మూడు అధ్యాయాలు నడుస్తాయి. ఇంకో మాట: కాలం దాటి వచ్చిందని అతనితో ఎప్పుడు చెప్పాలి? సగం కంటే ముందే చెప్పించండి. చివరిదాకా దాచిపెడితే అతను ప్రేమించింది ఒక అబద్ధాన్నే అవుతుంది.

నాట్యం సీను పెట్టాలనుకుంటే గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి ఉంది. ఈ రోజు వేదికల మీద చూసే పేరిణి మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ మళ్లీ నిలబెట్టిన రూపం. దాన్ని యథాతథంగా 1289లో ఆడించకండి.

నిజంగా బతికిన మనుషులను దూరం నుంచే చూపండి. రుద్రమదేవి ఒక్కసారి కనిపించినా చాలు, వయసు మళ్లిన ఒక పాలకురాలు గుర్రం దిగుతూ ఎవరినో పేరుపెట్టి పిలవడం చాలు. ఆమె నోట పెద్ద ఉపన్యాసాలు పెట్టకండి. మేడారం దాకా కథ వెళితే ఇంకా జాగ్రత్త. సమ్మక్క సారలమ్మలు లక్షలమంది కొలిచే తల్లులు. కోయల నోట వినిపించే ఆ గాథలో కరువులో కప్పం అడిగిన కాకతీయ రాజు ఎదుటి పక్షం. ఓరుగల్లు వైభవాన్ని మెచ్చుకునే నవల ఆ గాయాన్ని కూడా చూడగలగాలి, కానీ తల్లులను మీ హీరోయిన్‌కు స్నేహితురాళ్లుగా మార్చకూడదు.

ఎనిమిదో పని: ముగింపు

ఆమె అక్కడే ఉండిపోవచ్చు, అతను ఇటు రావచ్చు, విడిపోవచ్చు. మూడూ చాలామంది రాశారు. మన నేల మీద మాత్రం నాలుగో దారి ఒకటి ఉంది, శాసనం. దానశాసనానికి ఒక వరస ఉంటుంది. ముందు శక సంవత్సరం, నెల, తిథి, వారం. తర్వాత ఇచ్చినవాడి పేరు. ఎవరికి పుణ్యంగా ఇచ్చాడో. ఇచ్చిన భూమి ఏ చెరువు వెనక, దాని హద్దులేమిటో. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని ఒక మాట. చివర, ఈ దానాన్ని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపశ్లోకం.

ఇప్పుడు మీ హీరో యుద్ధం నుంచి బతికి వచ్చాడనుకోండి. ఆమె వెళ్లిపోయింది. అతను రెండు మర్తురుల (మర్తురు అప్పటి నేల కొలత) నేల ఒక చిన్న గుడికి ఇచ్చి, ఫలానా ఆమెకు పుణ్యంగా అని రాయించాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఆమె ఆ రాయి దొరికిన ఊరికి వెళ్తుంది. ఊరి పేరు చెప్పే వరస ఉంది, చెరువు ఉంది, హద్దులున్నాయి. ఆమె ఊరిని అతను "లేని వాడ" అని రాయించాడా, పేరే రాయించాడా, రాయి అక్కడ పగిలిపోయిందా? మీ ఇష్టం. ప్రేమలేఖలో చెప్పలేని దాన్ని లెక్కలు చెప్పే శాసనం చెప్పినప్పుడు పాఠకుడికి కన్నీళ్లు ఆగవు. ఆ రాయిని ఏదైనా కల్పిత గ్రామంలో పెట్టండి. నిజమైన గుడిలో లేని శాసనం ఉన్నట్టు రాస్తే, రేపు ఎవరో దాన్ని చరిత్ర అనుకుని ఎక్కడో ఎత్తి రాస్తారు.

చివరి పని: దిద్దుకోవడం

రాత పూర్తయ్యాక ఒక నెల పక్కన పెట్టి, మూడుసార్లు వేరువేరుగా చదవండి. మొదటిసారి హీరో మాటలు మాత్రమే, బయటికి చదువుతూ, అసలు, ఖాళీ, జవాబు లాంటివి ఏరేయండి. రెండోసారి గోడ మీది జాబితా పట్టుకుని తిండి, పూలు, వస్తువులు. మూడోసారి తిథులు: ఒక క్యాలెండరు గీసుకుని ఏ రోజు ఏ సీనో రాయండి. అమావాస్య తర్వాత నాలుగో రాత్రి పండువెన్నెల కురుస్తోందని రాసి ఉంటే అక్కడ దొరికిపోతుంది. తర్వాత ఆ ప్రతిని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు కోట రాళ్ల గురించి మీకన్నా బాగా తెలిసిన మనిషి. ఇంకొకరు చరిత్ర ఏమాత్రం పట్టని, ప్రేమకథలు మాత్రమే చదివే మనిషి. మొదటి ఆయన చెప్పిన తప్పులన్నీ దిద్దండి. రెండో ఆమె ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టిందో అడిగి, అక్కడి నుంచి తిరగరాయండి.